బ్లైత్‌బరా హోలీ ట్రినిటీ చర్చి: మెడ నొప్పి పుట్టేదాకా చూశాం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇంగ్లండ్‌లో మనవాళ్లందరం చేసేది దాదాపు ఒకటే. లండన్ తిప్పుతాం, కేంబ్రిడ్జ్ చూపిస్తాం, ఏదో ఒక పెద్ద కేథడ్రల్‌కి టికెట్ కొని లోపలికి తీసుకెళ్తాం. అవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ ఒక పూట మాత్రం సఫక్ కౌంటీలో, సముద్రతీరానికి దగ్గర్లో ఉన్న బ్లైత్‌బరాకి ఉంచమని నా మనవి. మూడొందల మంది ఉండే పల్లె అది. ఆ ఊరి పారిష్ చర్చి పేరు హోలీ ట్రినిటీ. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. ఈ దేశంలో నేను చూసిన చర్చిల్లో దీనికంటే బాగా నచ్చినది ఇంకోటి లేదు. అయిదుకు అయిదు నక్షత్రాలు ఇస్తున్నాను. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను.

ముందు నా సంగతి. మాది డోర్నకల్ అధ్యక్ష మండలంలో (అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో) సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా కుటుంబం. 1947లో సీఎస్ఐ ఏర్పడక ముందు మా మండలం ఆంగ్లికన్ సంఘానిదే, అంటే ఇంగ్లండ్ చర్చి కోవకి చెందినదే. 1912లో బిషప్ అయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, డోర్నకల్‌లోనే ఉండి పనిచేశారు. కాబట్టి ఇక్కడి ఆరాధన క్రమం, ప్రభువు బల్ల, బాప్తిస్మపు తొట్టి, పాటల పుస్తకాలు నాకు కొత్త కాదు. పోయిన వేసవిలో మా నాన్న వచ్చినప్పుడు ఆయన్ని ఈ చర్చికి తీసుకెళ్లాను. నాన్న ఖమ్మంలో ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యారు. ఈ రివ్యూలో చెక్క పని గురించి ఎక్కువ కనిపిస్తే అది ఆయన పక్కన నిలబడి చూసినందువల్లే.

చర్చి ఏ12 రోడ్డు పక్కనే ఉంటుంది. ఇప్స్విచ్ వైపు నుంచి వచ్చేవాళ్లు నేరుగా లోపలికి తిరిగిపోకండి. ఊరు దాటి, నది దాటి, కొంచెం ముందుకెళ్లి వెనక్కి తిరిగి రండి. అప్పుడు బ్లైత్ నది వెడల్పుగా పరుచుకున్న చోట, పోటు సమయమైతే నీళ్ల మీదుగా, ఆటు సమయమైతే బురద, రెల్లు మీదుగా చర్చి మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. చుట్టూ ఇళ్లు చాలా తక్కువ. ఆ నాలుగిళ్ల మధ్య అంత పెద్ద కట్టడం ఎలా వచ్చిందా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిత్తడి నేలల కేథడ్రల్ అని ఇక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకుంటారు. నిజానికి కేథడ్రల్ కాదు, బిషప్ పీఠం ఏదీ ఇక్కడ లేదు. మామూలు ఊరి గుడే.

అంత పెద్దది ఎందుకంటే, ఒకప్పుడు ఊరు పెద్దది. బ్లైత్‌బరా రేవు పట్టణం. పడవలు నదిలో ఇక్కడిదాకా వచ్చేవి, సంత జరిగేది. అంతకంటే చాలా ముందే ఈ చోటికి పేరుంది. తూర్పు ఆంగ్లియాని ఏలిన ఆనా అనే రాజు (పేరు అలా వినిపించినా మగవాడే) 654 ప్రాంతంలో నది అవతల బల్క్యాంప్ దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారని చెబుతారు. ఈ ఊళ్లో దొరికిన తిమింగలం ఎముకతో చేసిన రాత పలక ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 8వ శతాబ్దం నాటిది. అంటే పన్నెండొందల ఏళ్ల కిందటే ఇక్కడ చదువు, రాత తెలిసినవాళ్లు ఉన్నారన్నమాట. 12వ శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసుల మఠం వెలిసింది. ఆ మఠాధిపతికి 1412లో చర్చి తూర్పు భాగాన్ని మళ్లీ కట్టుకోవడానికి రాజు నాలుగో హెన్రీ అనుమతి ఇచ్చాడు. పడమటి టవర్ అంతకుముందే, 14వ శతాబ్దంలోనే ఉంది. దానికి ఆనించి ఇప్పుడు మనం చూసే చర్చి అంతా 15వ శతాబ్దంలో లేచింది. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, నది పూడిపోయింది, వ్యాపారం తీరంలోని ఊళ్లకు వెళ్లిపోయింది. 1530ల్లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు ఇక్కడిదీ పోయింది. సుమారు 127 అడుగుల పొడవున్న చర్చి, దాన్ని పోషించే స్తోమత లేని ఊరు మిగిలాయి.

బయట ఓ చుట్టు తిరగండి. సఫక్‌లో కట్టడానికి పనికొచ్చే మంచి రాయి దొరకదు, పొలాల్లో, తీరంలో దొరికేదల్లా చెకుముకి రాయే. గుండ్రంగా, పైన తెల్లటి పొరతో ఉండే ఆ రాళ్లను సుత్తితో ఒక దెబ్బలో చీల్చితే లోపల నున్నగా, నల్లగా మెరుస్తుంది. ఆ నల్ల ముఖాన్ని బయటికి పెట్టి, బయటి నుంచి తెప్పించిన లేత సున్నపురాయి చట్రాల్లో పొదిగారు. తూర్పు గోడ కింది భాగంలో ఈ పద్ధతిలోనే కిరీటాలున్న అక్షరాల వరుస ఒకటి ఉంది, లాటిన్ ప్రార్థనలోని మాటలకు పొడి అక్షరాలని చెబుతారు. ఎండ వాలుగా పడ్డప్పుడు ఆ నల్ల రాళ్లు తడిసినట్టు మెరుస్తాయి. దక్షిణం వైపు పిట్టగోడ లేసు అల్లికలా తొలిచి ఉంటుంది. నాన్న అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. "రాతి పని నాకేం తెలుసు, లోపలికి పోదాం పా బిడ్డా" అన్నారు.

లోపలికి అడుగుపెట్టగానే మొదట తెలిసేది వెలుతురు. పాత ఇంగ్లిష్ చర్చి అంటే చీకటిగా, రంగు అద్దాలతో ఉంటుందని అనుకుంటాం కదా. ఇక్కడ రంగు అద్దం దాదాపు ఏమీ మిగల్లేదు, కిటికీల పైభాగాల్లో ముక్కలు ముక్కలుగా తప్ప. మిగతాదంతా మామూలు తేట అద్దమే. కింద పక్క నడవలకు పెద్ద కిటికీలు, పైన స్తంభాల వరుస మీద ఒక్కో వైపు 18 చిన్న కిటికీలు. జనం కూర్చునే భాగానికి, బల్ల ఉండే తూర్పు భాగానికి మధ్య గోడగానీ ఆర్చిగానీ లేదు. పడమటి గోడ దగ్గర నిలబడితే తూర్పు కిటికీ దాకా చూపు ఎక్కడా తగలకుండా వెళ్తుంది. సున్నం వేసిన గోడలు, కింద ఎరుపు తిరిగిన పాత ఇటుక నేల, బూడిద రంగు తేలిన చెక్క. బంగారం లేదు, పాలరాతి విగ్రహాలు లేవు. సముద్రతీరపు వెలుగు ఒకటే ఉంది. రోజులో ఏ గంటకి వెళ్తే ఆ గంటకి తగ్గట్టు లోపలి రంగు మారుతూ ఉంటుంది.

ఇక పైకి చూడాలి. చర్చి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పైకప్పు. అడ్డంగా బరువైన ఓక్ దూలాలు, వాటిపైన వాసాలు, చెక్క పలకలు. చెక్కకు తెల్లటి పూత వేసి దాని మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పూలు, యేసు నామాన్ని సూచించే మూడక్షరాలు అచ్చు వేసినట్టు మళ్లీ మళ్లీ చిత్రించారు. అయిదొందల ఏళ్లకు పైగా గడిచాక ఆ రంగు వెలిసిన చీర అంచులా ఉంది, చాలాచోట్ల రాలిపోయింది, అయినా లెక్కపెట్టగలిగినంత మిగిలింది. దూలాల నడిమధ్యన దేవదూతలు. ఒక్కో చోట ఇద్దరు వీపూ వీపూ ఆనించుకుని ఉంటారు, ఒకరు తూర్పుకి చూస్తుంటే ఇంకొకరు పడమటికి. చేతుల్లో డాళ్లు పట్టుకుని, పొడుగాటి రెక్కలు రెండు వైపులా చాపి ఉంటారు. మొత్తం 12 మంది మిగిలారు.

నాన్న కళ్లజోడు తుడుచుకుని, నేను తెచ్చిన బైనాక్యులర్ తీసుకుని, ఒక దూలం మీద మొదలుపెట్టారు. ఎంతసేపటికీ దించరు.

"టేకు కాదు కదా ఇది?"

"కాదు నాన్నా, ఓక్. ఇక్కడ దొరికేది అదే."

"పచ్చి మీద ఉన్నప్పుడే కోసి ఎక్కించారు. ఆ నిలువు పగుళ్లు చూడు, పైన ఎండాక వచ్చినవి. మనం అయితే ఆరబెట్టకుండా తలుపు కూడా చెయ్యం. వీళ్లు పచ్చి చెక్కే పెట్టి, చీలలు దిగ్గొట్టి, ఎండేకొద్దీ అదే బిగుసుకుంటుందని వదిలేసిండ్రు. బాగా తెలిసినోళ్లు చేసిన పని."

ఆయన చెప్పింది నిజమే. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో వడ్రంగులు ఓక్‌ని పచ్చిగా ఉన్నప్పుడే వాడేవాళ్లు. పచ్చిగా ఉంటేనే అది ఉలికి లొంగుతుంది, ఎండాక ఇనుములా తయారవుతుంది. కీళ్ల దగ్గర ఇనుప మేకుల బదులు ఓక్ చీలలే దిగ్గొట్టేవాళ్లు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు తట్టనిది. ఇంత వానలు పడే దేశంలో పైకప్పుకి ఇంత తక్కువ వాలు ఏమిటని. దానికి జవాబు కప్పు పైన పరిచిన సీసపు రేకులో ఉంది. సీసం మెత్తటి లోహం. నిటారు వాలు మీద పరిస్తే ఎండకి సాగి మెల్లగా కిందికి జారుతుంది. తక్కువ వాలు మీదైతే నిలుస్తుంది. అలా కప్పు పల్చగా, దాదాపు చదునుగా అయింది కాబట్టే గోడలు పైకి లేపి ఆ రెండో వరుస కిటికీలు పెట్టే వీలు దొరికింది. అంటే లోపల మనం చూసి మురిసిపోయే వెలుతురు ఆ సీసపు రేకు వల్ల కూడా వచ్చిందే. ఇది తెలిశాక నాన్న కప్పుని ఇంకోసారి ఈ చివర నుంచి ఆ చివరికి చూసి వచ్చారు.

బైనాక్యులర్ తప్పకుండా తీసుకెళ్లండి. ఉత్త కళ్లకు ఆకారాలు కనిపిస్తాయి. బైనాక్యులర్‌లో చూస్తే జుట్టు ఉంగరాలు, రెక్కల మీద ఒక్కో ఈక వరుస, డాలు అంచున మిగిలిన రంగు తెలుస్తాయి. ఎవరూ దగ్గరికి రాలేని ఎత్తులో ఇంత శ్రద్ధగా ఎందుకు చెక్కారని మనం అనుకుంటాం. చెక్కిన మనిషి బల్ల మీద పెట్టుకుని కళ్ల ముందే చెక్కాడు, తర్వాత పైకి ఎక్కించాడు, తన దగ్గర ఉన్నప్పుడు ఎలా ఉండాలో అలా చేశాడు అని నాన్న మాట.

ఈ దూతలు ఎలా బతికి బయటపడ్డారో తెలిస్తే వాళ్లను చూసే చూపు మారుతుంది. 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు, చర్చిల్లోని బొమ్మలు, శిలువలు మూఢనమ్మకాల గుర్తులని, వాటిని తీసేయాలని పార్లమెంటు ఆజ్ఞలిచ్చింది. తూర్పు కౌంటీల్లో ఆ పని మీద తిరిగినవాడు విలియం డౌసింగ్. సఫక్ మనిషే, లాక్స్‌ఫీల్డ్ అనే ఊరివాడు. ఏ ఊళ్లో ఏం పగలగొట్టించాడో డైరీ రాసుకున్నాడు. బ్లైత్‌బరాకి 1644 ఏప్రిల్‌లో వచ్చాడు. ఇరవై కెరూబులను, అంటే దేవదూతల బొమ్మలను దించాలని, రెండు వందలకు పైగా బొమ్మలను ఎనిమిది రోజుల్లోగా తీసేయాలని చెప్పి వెళ్లినట్టు ఆ డైరీలో ఉంది. కిటికీల్లో రంగు అద్దాలు ఎందుకు లేవో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థించమని అడిగే శాసనాలు కూడా పగలగొట్టించాడు. కానీ పైన ఉన్న దూతలు దిగలేదు. ఆయన వెళ్లిపోయాక ఊరివాళ్లు అంత ఎత్తుకి నిచ్చెనలు వేయలేదనుకోవాలి.

దీనికి ఇంకో కథ అతుక్కుంది. దూతలను దించలేక డౌసింగ్ మనుషులు తుపాకులతో కాల్చారని, ఆ చెక్కలో తూటా గుర్తులు అవేనని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటికీ ట్రావెల్ వీడియోల్లో అదే చెబుతున్నారు. కానీ చెక్కలో దొరికిన సీసపు రవ్వలు డౌసింగ్ కాలానివి కావని 20వ శతాబ్దంలో మరమ్మతులప్పుడు తేలింది. పైకప్పులో గూళ్లు పెట్టే జాక్‌డా పిట్టలను, కాకి జాతివే అవి, కాల్చి తరమడానికి మందుగుండుకి డబ్బులిచ్చినట్టు 18వ శతాబ్దపు చర్చి లెక్కల్లోనే రాసి ఉంది. నాకైతే ఈ రెండో కథే ఎక్కువ నచ్చింది. పైకప్పు కారుతూ, పిట్టలు రెట్టలు వేస్తూ, ఊరి పెద్దలు లెక్కల పుస్తకంలో ఆ ఖర్చు నిజాయితీగా రాసుకుంటూ ఉన్న కాలం కళ్లకు కడుతుంది. అక్కడికి వెళ్లి పిల్లలకు చూపించేవాళ్లు దయచేసి ఇదే చెప్పండి.

మెడ నొప్పి పుట్టాక బెంచీల దగ్గరికి రండి. అవీ 15వ శతాబ్దం నాటివే. ఒక్కో బెంచీ చివరి పలక శిఖరాన ఒక చిన్న మనిషి బొమ్మ ఉంటుంది, మన చేతికి అందే ఎత్తులో. ఒక వరుస పాపాలు. సోమరి మంచంలో లేచి కూర్చుని ఉంటాడు, దుప్పటి ఇంకా ఒంటి మీదే ఉంటుంది. లోభి తన డబ్బు పెట్టె మీదే కూర్చున్నాడు, లేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. తిండిబోతు రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. కొండెగాడి నాలుక బయటికి వేలాడుతోంది. తాగుబోతు బొండకొయ్యలో ఇరుక్కుని ఉన్నాడు. ఇంకో చోట ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడంలాంటి కరుణ క్రియలు, బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. మరో చోట ఏడాదిలో పొలం పనులు, విత్తడం, కోత. చదువు రాని రైతు ఆదివారం వచ్చి కూర్చుంటే అతని చేయి పడే చోట అతని బతుకే చెక్కి ఉందన్నమాట.

నేను ఎక్కువసేపు ఆగింది సోమరి దగ్గర. ముఖం అరిగిపోయింది. ముక్కు ఉండాల్సిన చోట నున్నటి గుండ్రం మాత్రం ఉంది, కళ్ల గుంటలు రెండు నీడల్లా మిగిలాయి. తరతరాలుగా బెంచీలోకి జరిగేవాళ్లు ఆ తల పట్టుకునే లోపలికి జరిగి ఉంటారు. చెక్క నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తోంది. మంచం కాళ్లు, దుప్పటి ముడతలు మాత్రం ఇంకా పదునుగా ఉన్నాయి, అక్కడ చేయి పడదు కదా. నాన్న వేలితో ఆ దుప్పటి మడతని తడిమి, "వీ-టూల్ ఉలితో తీసినట్టుంది, ఒకటే చెయ్యి" అన్నారు. ముట్టుకోవచ్చో లేదో అని నాకు టెన్షన్. వేలి కొనతో మాత్రమే అని చెప్పాను.

తూర్పు వైపు పాడేవాళ్లు కూర్చునే స్టాల్స్ ముందు భాగంలో అపొస్తలుల బొమ్మలున్నాయి. 17వ శతాబ్దంలో బడి పిల్లలు వాటినే డెస్కులుగా వాడుకున్నారు. సిరాబుడ్డి పెట్టుకునే గుంటలు ఇంకా ఉన్నాయి. డిర్క్ అనే కుర్రాడు 1665లో తన పేరు చెక్కుకున్నాడు. దగ్గర్లోనే గోడకి ఆనుకుని ఒక చెక్క మనిషి నిలబడి ఉంటాడు, జాక్ అంటారు, 1682 నాటివాడు. గడియారానికి తోడుగా గంట కొట్టడానికి చేసిన బొమ్మ. తాడు లాగితే చేతిలో ఉన్న ఆయుధంతో గంట మీద కొడతాడు.

పాడైనవి కూడా చెప్పాలి. బాప్తిస్మపు తొట్టి చుట్టూ ఒకప్పుడు శిల్పాలుండేవి, అవన్నీ చెక్కేశారు, చదునైన మచ్చలు మిగిలాయి. 15వ శతాబ్దంలో ఈ ఊరికి జమీందారైన జాన్ హాప్టన్ కుటుంబపు సమాధి ఒకటి ఉంది, నల్లటి పర్బెక్ రాయితో కట్టింది. దాని మీది ఇత్తడి బొమ్మలు పోయాయి, అవి కూర్చున్న గుంటలే ఉన్నాయి. ఇవి చూసి కొంతమంది ఏముంది ఇక్కడ అంటారు. రంగు అద్దాలు, బంగారు పూత, పెద్ద పెద్ద సమాధులు కావాలనుకునేవాళ్లకి ఈ చర్చి బోసిగానే అనిపిస్తుంది. వాళ్లు నార్విచ్ కేథడ్రల్‌కో, ఈలీ కేథడ్రల్‌కో వెళ్లడం మంచిది.

ఉత్తరం తలుపు మీది కాలిన గుర్తుల కోసమే చాలామంది వస్తారు. 1577 ఆగస్టు 4, ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుండగా భయంకరమైన పిడుగుల వాన వచ్చింది. టవర్ మీది శిఖరం కూలింది. నలభై దాటిన ఒక మనిషి, పదిహేనేళ్ల కుర్రాడు అక్కడికక్కడే చనిపోయారని ఆ కాలపు చరిత్రకారులు రాశారు. అదే రోజు బంగీ అనే ఊరి చర్చిలోనూ ఇద్దరు పోయారు. నల్ల కుక్క రూపంలో సైతాను వచ్చిందని వెంటనే ఒక కరపత్రం అచ్చయింది. తలుపు మీది గుర్తులు దాని గోళ్లవని చెప్పుకుంటారు. పాత ఇంగ్లిష్ ఇళ్లలో, గుళ్లలో తలుపుల మీద, దూలాల మీద కొవ్వొత్తితో కావాలని కాల్చిన ఇలాంటి మచ్చలు చాలాచోట్ల కనిపిస్తాయి, కీడు సోకకుండా చేసుకున్నవి. ఆ గుర్తులతో ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పొద్దున ప్రార్థన చేసుకోవడానికి వచ్చి ఇద్దరు చనిపోయారు. తలుపు దగ్గర ఆగితే వాళ్లను తలుచుకోండి.

ఇంత వెలుతురు, ఇంత పాతదనం ఒకే చోట ఎలా మిగిలాయంటే, దానికి పేదరికం సగం కారణం, ఒక గొడవ సగం కారణం. 19వ శతాబ్దం వచ్చేసరికి చర్చి శిథిలమైపోయింది. 1881లో ప్రమాదకరమని మూసేశారు. ఆ రోజుల్లో, విక్టోరియా రాణి కాలంలో, ఆర్కిటెక్టులు పాత చర్చిలను బాగుచేయడమంటే గోడల మీది పాత పూత గీకేసి, అరిగిన బెంచీలు పారేసి, మెరిసే టైల్స్ పరిచి, కొత్త చెక్క ఎక్కించి, మధ్యయుగంలో ఇలా ఉండి ఉంటుందని తాము అనుకున్నట్టు చేయడం. ఇంగ్లండ్‌లో వేల చర్చిలు అలా మారాయి. దాన్ని ఆపడానికే కవి, డిజైనర్ విలియం మోరిస్, ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టారు. ఉన్నదాన్ని నిలబెట్టండి, కొత్తగా తయారు చేయకండి అనేది వాళ్ల వాదన. బ్లైత్‌బరా విషయంలో ఆ సంఘానికీ, మరమ్మతులు చేయించాలనుకున్న చర్చివాళ్లకీ గట్టిగా పడింది. చర్చివాళ్ల బాధా నిజమే, వాన కారే గుడిలో ఆరాధన ఎలా జరపాలి? 1884లో చర్చి మళ్లీ తెరుచుకుంది. డబ్బు పెద్దగా లేకపోవడం, మోరిస్ వాళ్లు వెంటపడటం, రెండూ కలిసి ఈ కప్పు, ఈ నేల, ఈ అరిగిన ముఖాలు మనదాకా వచ్చాయి. అందుకే నాకు ఈ చర్చి అంటే ఇంత ఇష్టం. మన దగ్గర పాత గుళ్లకి, పాత చర్చిలకి రంగులు పూసి, గ్రానైట్ పరిచి, టైల్స్ అతికించే కమిటీల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇటు వస్తే, ఒక గంట ఇక్కడ కూర్చోమని బతిమాలతాను.

సంగీతం ఇష్టమైతే ఇంకో సంగతి. దగ్గర్లోని ఆల్డ్‌బరాలో ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ మొదలుపెట్టిన సంగీతోత్సవం కచేరీలు కొన్ని ఇక్కడ జరుగుతూ వచ్చాయి. 1969 జూన్‌లో ఆ ఉత్సవపు ప్రధాన హాలు, స్నేప్ మాల్టింగ్స్, మొదటి రాత్రే కాలిపోతే మొత్సార్ట్ ఒపేరాని ఈ చర్చికే మార్చారు. మేం వెళ్లిన రోజు ఎవరో ఒకావిడ ఆర్గన్ మీద ప్రాక్టీస్ చేసుకుంటోంది. చెక్క కప్పు కింద ధ్వని గింగిరాలు తిరగకుండా మెత్తగా దిగుతుంది.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. కారుంటే సులువు. రైలైతే హేల్స్‌వర్త్ గానీ డార్షమ్ గానీ దగ్గరి స్టేషన్లు, అక్కడి నుంచి టాక్సీ చూసుకోవాలి, ముందే మాట్లాడి పెట్టుకోండి. వేసవిలోనైనా స్వెటర్ పట్టుకెళ్లండి, రాతి గోడల లోపల ఎండ వేడి అంతగా చేరదు. పెద్దవాళ్లుంటే తొందరపెట్టకండి, బెంచీ మీద వెనక్కి వాలి కూర్చుంటే పైకప్పు చూడటం తేలిక. పెళ్లిళ్లు, కచేరీలు, ఆరాధన సమయాల్లో లోపల తిరగడం కుదరదు, ఆ రోజు ఏముందో ముందు చూసుకోండి. ఆదివారం ఆరాధనకే వెళ్లగలిగితే ఇంకా మంచిది, ఆ బెంచీలు చేసింది అందుకే. లోపల 15వ శతాబ్దపు చెక్క కానుకల పెట్టె కూడా ఉంది. టికెట్ లేదు కదా అని ఊరికే వచ్చేయకండి. మూడొందల మంది ఊరు అంత సీసపు కప్పుని కాపాడుకోవాలి. కేథడ్రల్ టికెట్‌కి ఇచ్చేంత ఇక్కడా కానుకగా వేయండి.

సగం పూట మిగిలితే సౌత్‌వోల్డ్ బీచ్‌కి అందరూ వెళ్తారు. దానికంటే ముందు రెండు మూడు మైళ్ల దూరంలో వెన్హాస్టన్ చర్చికి వెళ్లండి. అక్కడ 15వ శతాబ్దం చివర చెక్క పలకల మీద వేసిన తీర్పు దినపు చిత్రం ఉంది. మీద సున్నం కొట్టేసి ఉండటంతో దాని సంగతే ఎవరికీ తెలియలేదు. 1892లో మరమ్మతులప్పుడు పనికిరాని చెక్క అని బయట పడేస్తే, రాత్రి వాన పడి సున్నం కరిగి బొమ్మలు బయటపడ్డాయి. నాన్నకి బ్లైత్‌బరా దూతల తర్వాత ఆ పలకలే నచ్చాయి. చెక్క మందం ఎంత, అతుకులు ఎక్కడ అని కొలతలు కూడా రాసుకున్నారు.